మంచు కింద పెద్దాయన

మిల్వాకీలో ఎమ్మెస్ చదివిన రోజుల గురించి ఎవరడిగినా చలి గురించీ, మిషిగన్ సరస్సు మీంచి కొట్టే గాలి గురించీ రెండు మాటలు చెప్పి ఊరుకుంటాను. నిజానికి నాకు బాగా గుర్తున్నవి వేరే. శుక్రవారం రాత్రులు, ఒక ఇంటి బేస్‌మెంటు, వాటర్ హీటరు పక్కన మడత బల్ల, దాని మీద గళ్ళ కాగితాలు, ఇరవై ముఖాల పాచికలు, డ్రాగన్లు.

నేను 2002 ఆగస్టులో దిగాను. అప్పటికే ఆ ఏడాది జెన్ కాన్ అయిపోయింది. బల్ల మీద ఆడే ఆటల పిచ్చోళ్ళందరూ చేరే పెద్ద తిరనాళ్ళ అది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటని తయారు చేసినవాళ్ళలో ఒకడైన గ్యారీ గైగాక్స్ దాన్ని 1968లో లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో మొదలుపెట్టాడు. మిల్వాకీ నుంచి ఆ ఊరు గంట ప్రయాణం. సరిగ్గా ఆ ఏడాదితోనే అది మిల్వాకీ వదిలేసి ఇండియానాపొలిస్‌కి మారిపోయింది. "నువ్వొచ్చావని తెలిసి పారిపోయింది" అని మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న కుర్రాడొకతను ఏడిపించేవాడు. పక్కా విస్కాన్సిన్ మనిషి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటి పెట్టె 1974లో అమ్మకానికొచ్చింది ఆ లేక్ జెనీవా నుంచే కాబట్టి ఆ ఆట తన సొంత జిల్లా సొత్తన్నట్టు మాట్లాడేవాడు. మా ఆటకి డంజన్ మాస్టర్ అతనే. అందరం డీఎం అనేవాళ్ళం.

ఆడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డీఎం కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర. పాత్రకి లెవెలు, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలదో చెప్పే అంకె), ఆయుధాలు, మంత్రాలు ఉంటాయి. కొట్లాట వస్తే ఒకరి తర్వాత ఒకరికి వంతు వస్తుంది. అందరి వంతులూ అయితే ఒక రౌండు. దెబ్బ తగిలిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. మేం ఐదుగురం. ఇద్దరం తెలుగువాళ్ళం, నేనూ, నా రూమ్మేటు గుంటూరోడూ. నాది దేవుణ్ణి నమ్ముకుని గాయాలు మాన్పే క్లెరిక్ పాత్ర. వాడిది ఒంటినిండా ఇనుప కవచం తొడుక్కున్న పొట్టి డ్వార్ఫ్ ఫైటర్. 2003లో ఆ ఆటకి 3.5 అనే కొత్త రూల్సు వచ్చినప్పుడు పుస్తకం ఒక్కోటి ముప్ఫై డాలర్లు. అప్పటి లెక్కన మాకది నెల బియ్యం, పప్పు. ఆటలో వచ్చే వింత జంతువుల వివరాలుండే మాన్‌స్టర్ మాన్యువల్ ఒక్కటి చందాలేసుకుని కొని వారానికొకరి దగ్గర పెట్టుకునేవాళ్ళం. గుంటూరోడి దగ్గరున్న వారం డ్రాగన్ల పేజీల్లో నూనె మరకలు పడేవి.

ఆ పేజీల్లో టాడ్ లాక్‌వుడ్ గీసిన తలలుండేవి. రంగు చూడనక్కర్లేదు, తల ఆకారం చూసి ఏ జాతో చెప్పొచ్చు. ముక్కు మీద ఒంటికొమ్ముంటే నీలం. కొమ్ములు వంగి ముందుకొస్తే నలుపు. ఊపిరి కూడా జాతికొకటి. ఎరుపుది నిప్పు, తెలుపుది గడ్డకట్టే చలి, నీలానిది మెరుపు, నలుపుది ఆసిడ్. వయసులో పన్నెండు మెట్లు, అప్పుడే గుడ్డులోంచి వచ్చిన పిల్ల నుంచి గ్రేట్ వర్మ్ దాకా. ఐదు రంగుల చెడ్డ డ్రాగన్లలోకీ పెద్దదైన ఎర్ర గ్రేట్ వర్మ్‌కి సగటున 660 హిట్ పాయింట్లు. ఆ అంకె చూసి గుంటూరోడు, "మామా, మనం పెన్షన్ తీసుకునేదాకా కొట్టాలిరా దీన్ని" అన్నాడు.

డీఎం ఆ అంకెని లెక్కచేసేవాడు కాదు. ఒకరోజు వాళ్ళ బాబాయి దగ్గరున్న 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్ తెచ్చి చూపించాడు. అట్టలు ఊడిపోయి టేపు వేసి ఉంది. అందులో ఎంత ముసలి ఎర్ర డ్రాగన్ అయినా 88 హిట్ పాయింట్లు దాటదు. దాని ఊపిరి దెబ్బ కూడా దాని హిట్ పాయింట్లంతే, అదీ రోజుకి మూడుసార్లే. ఇంకో వింత, కత్తి పదునుతో కాకుండా పక్క వైపుతో బాది డ్రాగన్ని లొంగదీసుకోవచ్చు, తర్వాత తీసుకెళ్ళి అమ్ముకోవచ్చు కూడా. బాబాయి వాళ్ళ బృందం అలా పట్టి అమ్మిన డ్రాగన్ల ధరలు వెనకట్ట లోపల పెన్సిలుతో రాసి ఉన్నాయి. పశువుల సంత ఖాతాలాగానే ఉందది! ఆట పేరులో సగం తనదే అయిన జంతువుకి అంత గతి పట్టింది. 1989లో రెండో ఎడిషన్ వచ్చినప్పుడు కసిగా పెంచారు. అన్నిటికన్నా ముసలి ఎర్ర డ్రాగన్ ఊపిరికి పది ముఖాల పాచికలు ఇరవై నాలుగు వేసి, పైన పన్నెండు కలపాలి. సగటున 144. అంటే ఒక్క ఊపిరితో 1977 నాటి తన తాతని చంపి ఇంకా మిగుల్చుకుంటుంది.

"ఎంత పెంచినా చచ్చేది అలాగే చస్తుంది. రౌండుకి దానికి ఒక వంతు. మీకు ఐదు. సమస్యంతా అక్కడుంది," అనేవాడు డీఎం.

గుంటూరోడికి ఇది చప్పున ఎక్కింది, వాడు కాలేజీ కబడ్డీ టీంలో ఆడినవాడు. రైడర్‌గా వెళ్ళేది ఒక్కడే, అవతల ఏడుగురు. వాడి బలం చేతుల్లో లేదు, వెనకున్న గీతలో ఉంది. తాకి గీత దాటి వచ్చేస్తాడు. గీత చెరిపేస్తే ఎంత మొనగాణ్ణయినా ఏడుగురూ మీదపడి మట్టి కరిపిస్తారు. డ్రాగన్ని గుహలో, గుట్టగా పోసిన బంగారం మీద కూర్చోబెట్టి, ముందు తలుపులోంచి ఐదుగురిని లోపలికి పంపారంటే గీత చెరిపేసినట్టే. నేను చూసిన చేతగాని డ్రాగన్లన్నీ అలాగే చచ్చాయి. మూడు రౌండ్లు. ఊపిరి ఒకసారి వదిలాక మళ్ళీ వదలడానికి నాలుగు ముఖాల పాచిక వేసి అన్ని రౌండ్లు ఆగాలి కాబట్టి, రెండోసారి ఊపిరి వదిలే యోగం కూడా చాలావాటికి లేదు.

2004 చలికాలంలో డీఎం మా మీదకి తెల్ల డ్రాగన్ని వదిలాడు. మేం లోపల్లోపల నవ్వుకున్నాం. ఐదు రంగుల్లో తెల్లది అన్నిటికన్నా బలహీనం, తెలివి తక్కువ, నిప్పు తగిలితే దెబ్బ ఒకటిన్నర రెట్లు. మాది ఎనిమిదో లెవెలు. మా మంత్రగాడు, అదే విజార్డ్, దగ్గర ఫైర్‌బాల్ అనే నిప్పు మంత్రం ఉంది. పుస్తకం ప్రకారం నడి వయసు తెల్ల డ్రాగన్‌కి సగటున 189 హిట్ పాయింట్లు, ఊపిరికి ఆరు పాచికలు, సగటున ఇరవై ఒకటి. ఇదేం పెద్ద లెక్క!

గడ్డకట్టిన సరస్సు దాటి అవతల బురుజుకి చేరాలి. రాత్రి. సగం దూరం నడిచాక డీఎం గొంతు తగ్గించి, "కాళ్ళ కింద మంచు మూలుగుతోంది" అన్నాడు. విస్కాన్సిన్‌లో చలికాలం సరస్సు మీద నడిచినవాళ్ళకి ఆ చప్పుడు తెలుసు. మంచు పలక సాగి, ముడుచుకున్నప్పుడు ఎక్కడో లోతులోంచి పొడుగ్గా ఒక చప్పుడు వస్తుంది. కాబట్టి భయపడలేదు. మొదటి రౌండులో ఏ దెబ్బా తగల్లేదు. మా చుట్టూ పొగమంచు లేచింది, అంతే. తెల్ల డ్రాగన్ రోజుకి మూడుసార్లు పొగమంచు లేపగలదు. పుస్తకంలో ఆ శక్తిని చూసి ఎవరూ పట్టించుకోరు. కానీ ఆ మంచులో మాకు ఐదడుగులకి మించి కనపడదు. దానికి మాత్రం అరవై అడుగుల లోపల ఎవరెక్కడున్నారో చూడకుండానే తెలుస్తుంది. ఊపిరి వదలడానికి అంతకన్నా ఏం కావాలి?

రెండో రౌండులో గుంటూరోడి కాళ్ళ కింద మంచు పగిలింది.

"ఈత పరీక్ష వెయ్యి," అన్నాడు డీఎం. వీడు పాచిక తీశాడు. "కవచం తగ్గింపు ఎంత?" "ఆరు." "ఈతకి రెట్టింపు." వీడు నా వైపు చూశాడు. నేను పుస్తకం తిరగేశాను. నిజమే, మైనస్ పన్నెండు. పాచిక మీద పద్నాలుగు పడినా వాడు మునిగిపోతున్నాడు. నేను తాడు వేశాను. విజార్డ్ ఫైర్‌బాల్ తీశాడు. డీఎం చాలా మర్యాదగా అడిగాడు, "ఎక్కడ వేస్తావు? పొగమంచులోకా? నీళ్ళలోకి అయితే పైన మంచు అడ్డం. ఆ మంచు మీద నిలబడింది నీ స్నేహితులే." విజార్డ్ మంత్రం మళ్ళీ సంచిలో పెట్టేశాడు. మూడో రౌండులో ఏమీ రాలేదు. దానంత భయంకరమైన రౌండు నేనెప్పుడూ ఆడలేదు. నాలుగో రౌండులో పొగమంచులోంచి చలి ఊపిరి ముగ్గురి మీద పడింది. మేం తిరిగి కొట్టేలోపే మంచు చీల్చుకుని నీళ్ళలోకి వెళ్ళిపోయింది. దానికి ఈత వేగం అరవై అడుగులు, మంచుని తవ్వుకుంటూ పోయే వేగం ముప్ఫై. ఈ రెండంకెలూ పుస్తకంలోనే ఉన్నాయి, మేమే ఎప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి మేం ఒడ్డుకి పాకి వచ్చాం. గెలవలేదు. ఎవరూ చావలేదు కూడా. దాన్ని "పెద్దాయన" అని పిలవడం మొదలుపెట్టింది గుంటూరోడే. అమెరికావాళ్ళు కూడా నోరు తిరక్కపోయినా "పెడ్డాయన" అనేవాళ్ళు.

మాకు దారి దొరికింది ఆటలో కాదు. ఫిబ్రవరిలో డీఎం మా ఇద్దర్నీ వాళ్ళ బాబాయి దగ్గరికి, విన్నెబాగో సరస్సు మీదకి తీసుకెళ్ళాడు. స్టర్జన్ చేపల్ని బల్లెంతో పొడిచే రోజులవి. గడ్డకట్టిన సరస్సు మీద చిన్న చిన్న చెక్క గదులు పెట్టుకుని, లోపల మంచుని తలుపంత పెద్దగా నలుచదరంగా కోస్తారు. గది లోపల చీకటి, నీళ్ళు మాత్రం కిందనుంచి ఆకుపచ్చగా వెలుగుతుంటాయి. చెక్కతో చేసి రంగులేసిన ఉత్తుత్తి చేపని దారానికి కట్టి లోపలికి వదులుతారు. మనిషంత పొడుగుండే స్టర్జన్ అదేంటో చూద్దామని వస్తుంది. పైన బల్లెం పట్టుకుని గంటలు గంటలు కూర్చోవడమే. మేమున్నంతసేపూ ఒక్కటీ రాలేదు. బాబాయి కాఫీ పోస్తూ, "అది వస్తే నా వంతు, రాకపోతే దాని వంతు" అన్నాడు. గుంటూరోడు నన్ను మోచేత్తో పొడిచాడు. తిరుగు ప్రయాణంలో డీఎం కారు నడుపుతుంటే, వెనక సీట్లో మేం తెలుగులోనే మొత్తం పథకం వేసేశాం. అతనికి అర్థమైన మాటలు పెద్దాయన, ఫైర్‌బాల్ మాత్రమే.

తర్వాత శుక్రవారం మేం ఒడ్డుకి దగ్గరగా, లోతు లేని చోట మంచుని నలుచదరంగా కోశాం. ఒక గొర్రెని కోసి నీళ్ళలోకి వేలాడదీశాం. అందరం ఒకటే మాట చెప్పాం, "రెడీ." అంటే నా వంతు ఇప్పుడు వాడుకోను, అది తల పైకెత్తిన క్షణం వాడుకుంటాను. ఐదుగురి దెబ్బలూ దాని వంతులో, అది నోరు తెరిచేలోపు పడ్డాయి. తల నీళ్ళ పైన ఉంది కాబట్టి ఫైర్‌బాల్‌కి ఇక అడ్డు లేదు. రెండో రౌండులో అది వెనక్కి తిరగబోతే గొర్రె కొక్కేనికి కట్టిన గొలుసు పట్టుకుని మా డ్వార్ఫ్ వేలాడాడు. మూడో రౌండులో పెద్దాయన పోయాడు. డీఎం లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. గుంటూరోడు వెంటనే అడిగింది, "నిధి ఎక్కడ?"

ఆ రాత్రి అందరూ వెళ్ళాక డీఎం తన నోటుబుక్కు చూపించాడు. అంకెలు అరపేజీ కూడా లేవు, అవి మాన్యువల్లోంచి ఎక్కించుకున్నవే. మిగతా పేజీలన్నీ ప్రశ్నలు, వాటికి జవాబులు. మొదటి రౌండులో ఏం చేస్తుంది? దెబ్బ తిన్నాక ఎటు పోతుంది? సగం హిట్ పాయింట్లకి వస్తే ఏం మారుతుంది? ఎప్పుడు ఆకలేస్తుంది? చివర ఎర్ర సిరాతో ఒకటుంది: దీనికి మానుకోలేని అలవాటు ఏమిటి? దాని కింద "మంచు మీద ఏ కన్నం కనపడినా వచ్చి చూస్తుంది" అని రాసి ఉంది. తేదీ చూస్తే మేం విన్నెబాగో వెళ్ళడానికి చాలా ముందుది. కావాలనే తీసుకెళ్ళాడా అని అడిగితే నవ్వాడు తప్ప చెప్పలేదు.

ఆ అలవాటు లేకపోతే అది ఎవరూ ఓడించలేని జంతువు అయ్యేది. ఎవరూ ఓడించలేని డ్రాగన్ని తయారు చేయడం చాలా తేలిక, ఏ డీఎం అయినా పది నిమిషాల్లో చేస్తాడు. దాన్ని ఎవరూ రెండోసారి ఆడరు.

తర్వాతి సెమిస్టరులో డీఎంగా కూర్చునే వంతు నాకొచ్చింది. మాది కొల్లేరు పక్క ఊరు. అందుకని నల్ల డ్రాగన్ని తీసుకున్నాను. బురద, తుంగ, లోతు తెలియని నీళ్ళు దాని ఇలాకా. నీళ్ళలో ఊపిరి తీసుకోగలదు. దానికో శక్తి ఉంది, నీళ్ళని పాడు చేయడం. మురిగిపోయి, తాగడానికి పనికిరాకుండా అయిపోతాయి. సాహసవీరుల సంచిలో ఉన్న మందు సీసాలు కూడా విల్ సేవ్ (మంత్రాన్ని తట్టుకోవడానికి వేసే పాచిక) తప్పితే చెడిపోతాయి. ఆ వాక్యం చదవగానే నాకు మా ఊరి చేపల చెరువులే గుర్తొచ్చాయి. మబ్బు పట్టిన రాత్రి చెరువులో గాలి తగ్గిపోతే తెల్లారేసరికి చేపలన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలతాయి. అప్పు తెచ్చి వేసిన పంట మొత్తం. గట్టు మీద నిలబడ్డ ఆ మనిషి మొహం చూసినవాళ్ళకి ఆసిడ్ ఊపిరి ఒక లెక్కా?

నా డ్రాగన్ మొదటి రెండు ఆటల్లోనూ కనపడలేదు. ఊళ్ళో చెరువులు ఒకదాని తర్వాత ఒకటి పోతుంటాయి. జనం ఒకర్నొకరు అనుమానిస్తుంటారు, పక్కవాడు మందు కలిపాడని. మా వీరులు ఊరివాళ్ళ తగువులు తీర్చడంలో పడి, తాగే సీసాలు పాడైపోయిన సంగతి అసలు కొట్లాటలో గానీ చూసుకోలేదు. విస్కాన్సిన్ డీఎం ఈసారి ఆటగాడు, విజార్డు. సీసా మూత తీసి, నేను "కుళ్ళిన వాసన" అనగానే బల్ల మీద తల పెట్టేసుకున్నాడు. నాకు ఆ ఒక్క క్షణానికి డిగ్రీ ఇచ్చేసినా సరిపోయేది.

చదువైపోయి తలో దిక్కూ పోయాం. 2008 మార్చిలో గైగాక్స్ పోయాడు. ఆ జూన్‌లోనే నాలుగో ఎడిషన్ వచ్చింది. చాలామంది దాన్ని తిట్టారు, నేనూ కొంత తిట్టాను. కానీ డ్రాగన్ల విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. ఐదుగురికి ఒక్కటే సరిపోయేలా "సోలో" అని విడిగా కట్టారు. హిట్ పాయింట్లు సగానికి పడగానే, ఎవరి వంతైనా సరే, ఊపిరి తిరిగొచ్చి అక్కడికక్కడే మొహాన కొడుతుంది. దెబ్బ తగిలిందని సంబరపడే క్షణంలోనే భయం పుట్టించడం, నా దృష్టిలో డ్రాగన్ల చరిత్రలో అంతకన్నా మంచి ఆలోచన రాలేదు.

2014లో ఐదో ఎడిషన్ వాళ్ళు మా బేస్‌మెంటు సమస్యకి నేరుగా మందు రాశారు. మిగతావాళ్ళ వంతులు అయ్యాక మధ్యలో చేసుకోవడానికి డ్రాగన్‌కి రౌండుకి మూడు లెజెండరీ యాక్షన్లు. ఇక ఆ పుస్తకంలో దాని గుహ కూడా దాని పక్షానే ఉండేది, ఇనీషియేటివ్ (వంతుల వరస తేల్చే అంకె) ఇరవై దగ్గర నేల కంపించేది, పొగ కమ్మేది. ఎర్ర అడల్ట్ డ్రాగన్‌కి 256 హిట్ పాయింట్లే, అయినా పాత 660 కన్నా ఎక్కువ హడలెత్తిస్తుంది. మా డీఎం చేత్తో చేసిన పొగమంచులాంటివి అప్పుడు అచ్చులోకి వచ్చాయి. సంతోషమే. ఒక్క లెజెండరీ రెసిస్టెన్స్ నాకు ఎక్కదు. రోజుకి మూడుసార్లు డ్రాగన్ ఓడిన సేవ్‌ని గెలిచినట్టు రాసుకోవచ్చు. విజార్డ్ పాపం గంటసేపు ఆలోచించి వేసిన మంత్రాన్ని "చెల్లదు" అని కొట్టిపారేసినట్టుంటుంది. అది ఆఫీసులో ఫైలు తిప్పి పంపడం, డ్రాగన్ పని కాదు. నేను ఆడించేటప్పుడు దాన్ని వాడిన ప్రతిసారీ డ్రాగన్ ఒంటి మీంచి ఏదో ఒకటి పోవాలని పెట్టుకున్నాను. ఒక కొమ్ము, రెక్కలో ఒక చీలిక, ఒక కన్ను. అప్పుడు మంత్రం పారనట్టు కాదు, దేనికో తగిలినట్టు.

ఇప్పుడు నెలకోసారి వీడియో కాల్‌లో ఆడుతున్నాం. గుంటూరోడు డల్లాస్‌లో ఉన్నాడు. వాడి కూతురికి పదకొండేళ్ళు, మొన్నే చేరింది. దాని మొదటి డ్రాగన్ని తనే తయారు చేస్తానంది. నేను ఎర్ర సిరా ప్రశ్నతో సహా జాబితా మొత్తం పంపాను. అది నీలం రంగు ఎంచుకుంది. ఎడారిలో ఇసుక కింద తవ్వుకుంటూ తిరుగుతుందట. విన్న ఏ చప్పుడునైనా అనుకరించగలదు కాబట్టి దారి తప్పిన బిడారుల్ని వాళ్ళ మనుషుల గొంతుతోనే పిలుస్తుందట. ఇంతవరకు చదివి నాకు ఒళ్ళు జలదరించింది. మానుకోలేని అలవాటు దగ్గర మాత్రం ఖాళీ వదిలేసి, పక్కన రాసింది: "ఇది మీకెందుకు చెప్తాను అంకుల్, మీరు ఆడుతున్నారుగా."

వాళ్ళ నాన్న అప్పుడే మెసేజ్ పెట్టాడు, నిధి వాటాలు ముందే మాట్లాడుకుందాం మామా, అని.